మిద్దె తోట ఇసుక నుంచి చేపల ట్యాంకు దాకా: 54 లీటర్ల అక్వేరియం డైరీ

ఆగస్టు 21న ట్యాంకులోంచి 16 కిలోల ఇసుక ప్లాస్టిక్ డబ్బాతో తోడి బయట పోశాను. నీళ్ళు పోసి అప్పటికి 19 రోజులు. అందులో ఒక్క చేపనూ వెయ్యలేదు, మేత కూడా వెయ్యలేదు. అయినా చేపలకు విషమైన అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపిస్తోంది. నీళ్ళు కొత్తిమీర కషాయంలా పచ్చగా ఉన్నాయి, వెనక అద్దం కనపడటం లేదు.

ఇసుక శుభ్రంగానే కడిగానని అప్పటిదాకా నా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో కనిపెట్టడానికి ఐదు వారాలు పట్టింది. ఇంట్లో మిగిలిన తోట ఇసుకో, ఇల్లు కట్టే ఇసుకో చిన్న ట్యాంకులో వేద్దామనుకునేవాళ్ళకు ఈ లెక్కలు పనికొస్తాయని అన్నీ రాస్తున్నాను.

ముందు కొలతలు

ఊరు రాజమహేంద్రవరం. ట్యాంకు 60 × 30 × 30 సెం.మీ., అంటే అంచు దాకా 54 లీటర్లు. నీళ్ళు 26 సెం.మీ. ఎత్తు దాకా పోస్తాను. ఇసుక పోను లోపల నిలిచేది 42 లీటర్లే. ట్యాంకు, లైటు, లోపల పెట్టే చిన్న ఫిల్టరు ముందే ఉన్నాయి కాబట్టి వాటిని ఖర్చులో కలపలేదు.

మున్సిపల్ కుళాయి నీళ్ళు ఒక రాత్రి నిలవ ఉంచాక: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) 7.6, కేహెచ్ (కార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యం) 6, జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యం) 8, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్నవాటి మొత్తం) 190. కింద ఏ అంకె చూసినా వీటితో పోల్చుకోవాలి.

దశ 1: మొదటి ప్రయత్నం, ఆగస్టు 2 నుంచి 21

ఇసుక మిద్దె తోటలో మిగిలినది. నిరుడు కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చినప్పుడు కుండీల్లో కలపడానికి కొన్న గోదావరి ఇసుక అది. నాలుగు వాయిలుగా, ఒక్కో వాయి ఏడుసార్లు, 8 లీటర్ల బకెట్లో కడిగాను. చివరి బకెట్లో నీళ్ళు తేరుకున్నట్టే కనిపించాయి. 6 సెం.మీ. మందం పరిచాను.

తర్వాత జరిగింది రోజువారీ నోట్సులోంచి:

1వ రోజు: నీళ్ళు పోయగానే బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. తొందరపడి ఫిల్టరు ఆన్ చేశాను.
3వ రోజు: ఫిల్టరు గరగరమని శబ్దం. విప్పి చూస్తే లోపల తిరిగే చిన్న చక్రం ఇరుసుకు సన్న ఇసుక పట్టి గీతలు పడ్డాయి. కొత్తది రూ. 180.
6వ రోజు: అమోనియా 1, నైట్రేట్ 20.
11వ రోజు: నీళ్ళు పచ్చబడటం మొదలు. 20 లీటర్లు మార్చాను. రెండు రోజుల్లో మళ్ళీ అంతే.
19వ రోజు: అమోనియా 2, నైట్రేట్ 40, పీహెచ్ 8.2, కేహెచ్ 9, జీహెచ్ 12. తీసేశాను.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. అమోనియా, నైట్రేట్, పచ్చదనం ఒకటి. కేహెచ్, జీహెచ్, పీహెచ్ పెరగడం ఇంకొకటి. మొదట రెండూ ఒకటేననుకుని నీళ్ళు మారుస్తూ కూర్చున్నాను. అది పొరపాటు. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా కారణం అడుగున ఇసుకలోనే ఉంది.

ఇసుక తోడుతున్నప్పుడు మా అమ్మ వచ్చి చూసి, "నువ్వు ఆ బస్తాలోదే కదా వేపపిండి కలిపి వంకాయ మొక్కలకు వేసింది?" అంది. నిజమే. బస్తా పైభాగంలో వర్మీ కంపోస్టు, వేపపిండి కలిపి వాడాను, మిగిలింది అలాగే మూతి కట్టి పెట్టాను. కడిగితే మట్టి పోయింది కానీ, రేణువులకు అంటిన ఎరువూ, నీళ్ళు పీల్చి బరువెక్కిన వేపపిండి ముక్కలూ ఇసుకతోపాటే అడుగున కూర్చున్నాయి. అవి కుళ్ళి అమోనియా వదిలాయి.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 3,680 (అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చుక్కల కిట్లు 2,600, కేహెచ్, జీహెచ్ కిట్లు 900, ఫిల్టరు చక్రం 180). నీళ్ళు 324 లీటర్లు. పని 9 గంటలు.

దశ 2: ఇసుకను ట్యాంకు బయటే పరీక్షించడం

ఈసారి మూడు రకాలు తీసుకున్నాను.

(అ) ఎరువు కలిసిన తోట ఇసుక.
(ఆ) మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర కుప్ప పోసిన గోదావరి దొడ్డు ఇసుక.
(ఇ) అక్కడే ఉన్న రోబో ఇసుక, అంటే రాయిని మరలో నలగ్గొట్టి చేసింది.

ఆ ఇంటి తాపీమేస్త్రి నాకు మొదటి పరీక్ష నేర్పారు. "గుప్పెట్లో పట్టి గట్టిగా పిండి వదిలెయ్యండి. చేతికి మట్టి అంటిందంటే అది గోడకీ పనికిరాదు, మీ చేపలకీ పనికిరాదండి" అన్నారు. తడి ఇసుకతో చేయించారు. (అ) నా అరచేతిలో గోధుమ రంగు పూతలా అంటింది. (ఆ) వేళ్ళ సందుల్లో కొంచెం. (ఇ) బూడిద రంగు పొడి, దులిపితే పోయింది కానీ గీతల్లో ఇరుక్కుంది.

మిగతా నాలుగు ఇంట్లో చేశాను.

1. సీసా పరీక్ష: పచ్చడి సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్ళు. ఒక నిమిషం బాగా కుదిపి కదపకుండా పెట్టాలి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు ఆ తర్వాత గంటల్లో, బంక మట్టి రోజుల్లో. మర్నాడు స్కేలు పెట్టి చూస్తే ఇసుక మీద పేరుకున్న మెత్తటి పొర (అ)లో 9 మి.మీ., (ఆ)లో 3, (ఇ)లో 7. (అ)లో పైన తేలిన చెత్త వేరే. రోబో ఇసుక సీసాలో నీళ్ళు రెండో రోజుకు గానీ తేరుకోలేదు.

2. వెనిగర్ పరీక్ష: ఎండిన ఇసుక రెండు చెంచాలు స్టీలు గిన్నెలో పోసి, మునిగేదాకా వంట వెనిగర్ పోయాలి. సున్నం ఉంటే బుడగలొస్తాయి. (ఆ)లో ముందు ఏమీ కనపడలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిట వినిపించింది. టార్చి వేసి చూస్తే బుడగలన్నీ రెండే రెండు తెల్ల పెంకు ముక్కల నుంచి లేస్తున్నాయి. నత్త గుల్లల ముక్కలవి. ఇసుక రేణువుల దగ్గర బుడగ లేదు. (అ)లో ఇలాంటి ముక్కలు ఇంకా ఎక్కువ. మొదటి ట్యాంకులో కేహెచ్ 6 నుంచి 9కి ఎందుకు ఎక్కిందో అప్పుడు అర్థమైంది. సముద్రపు ఇసుకను ట్యాంకులకు వద్దనడానికి ఒక కారణం ఈ గుల్లలే, రెండోది ఉప్పు.

3. అయస్కాంతం పరీక్ష: పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో పెట్టి ఎండిన ఇసుకలో తిప్పాను. నల్లని నూక లాంటివి గుత్తులుగా అంటుకున్నాయి. వాటికి భయపడక్కర్లేదు. గోదావరి దక్కన్ నల్లరాతి మీదుగా, తర్వాత తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్ళ మధ్య నుంచి వస్తుంది. ఆ ఇసుకలో మాగ్నటైట్ లాంటి నల్ల ఖనిజ రేణువులు, అక్కడక్కడ ఎర్రటి గార్నెట్ రేణువులు సహజం. అవి మేకులా తుప్పు పట్టవు. కానీ (ఆ)లో 2 సెం.మీ. బైండింగు వైరు ముక్క కూడా దొరికింది, సగం తుప్పు పట్టి ఉంది. ఇల్లు కట్టే చోటి నుంచి తెచ్చే ఇసుకకు ఈ పరీక్ష మానకండి.

4. నానబెట్టే పరీక్ష: కడిగిన ఇసుక ఒక కిలో, కుళాయి నీళ్ళు 2 లీటర్లు, ఏడు రోజులు. ట్యాంకులో 11 కిలోల ఇసుకకు 42 లీటర్లు ఉంటాయి కాబట్టి ఈ బకెట్ దానికి దాదాపు రెట్టింపు ఘాటు. ఇందులో నెగ్గితే ట్యాంకులోనూ ఇబ్బంది ఉండదని లెక్క.

ఏడో రోజు అంకెలు:

(అ) టీడీఎస్ 412, అమోనియా 1, నైట్రేట్ 40, కేహెచ్ 8.
(ఆ) టీడీఎస్ 214, అమోనియా 0, నైట్రేట్ 5 లోపు, కేహెచ్ 7.
(ఇ) టీడీఎస్ 222, అమోనియా 0, నైట్రేట్ 0, కేహెచ్ 6.

(అ) నీళ్ళు చూడటానికి అద్దంలా ఉన్నాయి. అమోనియా ఒకటి, నైట్రేట్ నలభై! కంటికి తేటగా కనిపించడం మురికి లేదనడానికి గుర్తే తప్ప, కరిగిన ఎరువు లేదనడానికి కాదు. నా ఆగస్టు నెల మొత్తం ఈ ఒక్క తేడా దగ్గర పోయింది.

అంకెల్లో రోబో ఇసుక కూడా మంచిదే. కానీ ఆ రేణువును రెండు వేళ్ళ మధ్య నలిపితే అంచులు గుచ్చుకున్నాయి. నేను వేద్దామనుకున్నవి ఇసుకలో మూతి పెట్టి వెతుక్కునే కోరీ చేపలు. అందుకని ఏటిలో దొర్లి నునుపెక్కిన (ఆ)నే తీసుకున్నాను.

ఇప్పటిదాకా: రూ. 4,090 (టీడీఎస్ మీటరు 350, వెనిగర్ 60 కలిపి). నీళ్ళు 344 లీటర్లు. పని 13 గంటలు.

దశ 3: జల్లించడం, కడగడం

25 కిలోల బస్తాకు రూ. 120 ఇచ్చాను. మొదట వంటింటి పిండి జల్లెడతో మొదలుపెట్టి అరగంటలో మానేశాను. కన్నాలు మరీ సన్నం, దొడ్డు ఇసుకంతా పైనే ఉండిపోయింది. హార్డ్‌వేర్ షాపులో 2 మి.మీ. కన్నాల జాలీ రూ. 80కి తెచ్చి, పాత చెక్క ఫ్రేముకు మేకులు కొట్టాను. పైన మిగిలిన గులకరాళ్ళు, గుల్లలు పక్కన పెట్టాను. పెద్ద గుల్లలు ఇక్కడే పోతాయి. కింద పడిన దాన్ని పళ్ళెంలో పరిచి కనపడిన తెల్ల ముక్కలు మా అమ్మాయి చేత ఏరించాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, ఓపిక పని. జల్లించి, కడిగి, ఆరాక మిగిలింది 17 కిలోలు.

కడగడంలో ఒక నష్టం. మొదటి వాయి బాత్రూములో కడిగాను. మర్నాటికి జాలీ కింద ఇసుక పేరుకుని నీళ్ళు పోవడం ఆగిపోయింది. ప్లంబరుకు రూ. 400. ఇసుక ధరకు మూడు రెట్లు పైమాటే. ఆ తర్వాత అంతా మిద్దె మీదే కడిగి, నీళ్ళు కుండీలకు పోశాను.

చివరికి కుదిరిన పద్ధతి:

1. ఒక్కసారికి 3 కిలోలు మించకూడదు. ఎక్కువ వేస్తే అడుగుది కదలదు.
2. గొట్టం మూతి బకెట్ అడుగుదాకా దించి నీళ్ళు వదలాలి. చెయ్యి పెట్టి అడుగు నుంచి పైకి కలపాలి.
3. ఐదు అంకెలు లెక్కపెట్టి వెంటనే వంచాలి. ఆలస్యమైతే ఒండ్రు మళ్ళీ దిగిపోతుంది.
4. తొమ్మిదిసార్లు. ఏడింటికి తేరినట్టు కనిపిస్తాయి, అక్కడ ఆగకూడదు.
5. చివరి నీళ్ళు గాజు గ్లాసులో పట్టి గోడ క్యాలెండరు ముందు పెట్టాలి. గ్లాసులోంచి తిథి, నక్షత్రం అక్షరాలు చదవగలిగితే చాలు.

ఏడోసారి పట్టిన గ్లాసులో తారీకు అంకె కనిపించింది కానీ, కింద చిన్నక్షరాలు చదవలేకపోయాను. తొమ్మిదోసారి వర్జ్యం టైము కూడా చదివాను. ఆరు వాయిలకు 432 లీటర్లయ్యాయి.

తర్వాత టార్పాలిన్ మీద 2 సెం.మీ. మందాన ఆరబోశాను. వానలు వదల్లేదు, రెండుసార్లు మూట కట్టి లోపలికి తేవాల్సి వచ్చింది. మూడు రోజులు చాలనుకున్నది తొమ్మిది రోజులు పట్టింది. వీలైతే ఈ పని ఎండాకాలంలో పెట్టుకోండి.

ఇప్పటిదాకా: రూ. 4,690. నీళ్ళు 776 లీటర్లు. పని 20 గంటలు.

దశ 4: పరచడం, నీళ్ళు పోయడం, అక్టోబరు 12

ఈసారి 11 కిలోలే. ముందు 3 సెం.మీ., వెనక 5 సెం.మీ., సగటున 4. లెక్క సులువు: 60 × 30 × 4 అంటే 7.2 లీటర్లు, లీటరు పొడి ఇసుక కిలోన్నర తూగింది.

1. ట్యాంకు కింద థర్మోకోల్ షీటు.
2. ఇసుకను తడిపి వేశాను. పొడిగా వేస్తే గాలి చిక్కుకుంటుంది.
3. ఇసుక మీద స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద సన్న ధారగా నీళ్ళు. 42 లీటర్లకు 50 నిమిషాలు.
4. ఫిల్టరు నాలుగు గంటలు ఆపి ఉంచాను.
5. ఫిల్టరు నీళ్ళు పీల్చే చోటు ఇసుక నుంచి 8 సెం.మీ. పైకి జరిపి, మూతికి స్పాంజి తొడిగాను.

సాయంత్రానికి వెనక అద్దం మీది స్టిక్కరు కనిపించింది. మర్నాటి పొద్దుటికి నీళ్ళు తేటగా ఉన్నాయి. ఫిల్టరు శబ్దం లేదు.

ఇప్పటిదాకా: రూ. 4,820. నీళ్ళు 818 లీటర్లు. పని 23 గంటలు.

దశ 5: చేపలు లేని నెల

ఇసుక ఎంత శుభ్రమైనా కొత్త ట్యాంకులో అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండదు. అది పెరగడానికి కావాల్సిన అమోనియా కోసం రోజూ చిటికెడు చేపల మేత వేసి, ఏళ్ళుగా ట్యాంకు నడుపుతున్న స్నేహితుడి దగ్గర నుంచి ఆ బ్యాక్టీరియా పట్టిన పాత స్పాంజి ముక్క తెచ్చి నా ఫిల్టరులో పెట్టాను.

4వ రోజు: అమోనియా 0.5, నైట్రైట్ 0.
9వ రోజు: అమోనియా 1, నైట్రైట్ 0.5.
15వ రోజు: అమోనియా 0.25, నైట్రైట్ 2.
22వ రోజు: అమోనియా 0, నైట్రైట్ 1, నైట్రేట్ 20.
28వ రోజు: అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 40.

16వ రోజున ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు నూగు పట్టింది. మళ్ళీ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. కిట్ అంకెలు మామూలుగానే ఉన్నాయి. అది డయాటమ్ నాచు. కొత్త ట్యాంకుల్లో మామూలే, వేలితో రాస్తే పొడిలా లేచిపోతుంది. ఐదో వారానికి దానంతటదే తగ్గిపోయింది.

దాన్ని తుడవబోయి చేసిన నష్టం మాత్రం మిగిలింది. స్పాంజితో అద్దం ఇసుక మట్టం దాకా రుద్దాను. స్పాంజిలో ఒక్క రేణువు ఇరుక్కుంది. కిర్రుమన్న చప్పుడు విని ఆపేసరికి ముందు అద్దం మీద 7 సెం.మీ. గీత. లైటు వేస్తే వెండి తీగలా మెరుస్తుంది, పోదు. ఇప్పుడు ఇసుకకు 2 సెం.మీ. పైన ఆపేసి, ఆ కింది పట్టీ పాత ఏటీఎం కార్డు అంచుతో పై నుంచి కిందికి కాకుండా కింద నుంచి పైకి గీస్తున్నాను.

30వ రోజు 20 లీటర్లు మార్చాను. ఇప్పటిదాకా: ఖర్చు అంతే, రూ. 4,820. నీళ్ళు 838 లీటర్లు. పని 27 గంటలు.

దశ 6: చేపలు, 31వ రోజు నుంచి

మా ఊరి ఎండాకాలాన్ని తలచుకుని, కోరీల్లో వేడి నీళ్ళకు కాస్త తట్టుకునే స్టెర్బై రకం ఆరు తెచ్చాను. ఒక్కోటి రూ. 180. వాలిస్నేరియా అనే నీటి మొక్కలు మూడు.

రెండో రోజు సాయంత్రం లైటు ఆర్పే ముందు ట్యాంకు ముందు కూర్చున్నాను. ఒక చేప మీసాలు ముందుకు చాచి ఇసుకను తడిమి, మూతి కళ్ళదాకా దించింది. నోట్లోకి తీసుకున్న ఇసుక మొప్పల పక్క నుంచి సన్నటి ధారలా కిందికి రాలింది. అది వెళ్ళిపోయాక అక్కడ చెంచాడు గుంట మిగిలింది. ఆ పక్కనే ఇంకోటి, ఇంకోటి. పొద్దున్నకల్లా ముందు భాగమంతా చిన్న గుంటలే. నునుపు ఇసుక తీసుకున్నందుకు నాకు దక్కిన ఫలితం అదే. వారానికోసారి టార్చి వేసి మీసాలు చూస్తున్నాను, ఇప్పటికి ఎవరివీ అరగలేదు.

తర్వాత మార్చినవి మూడు.

వెనక మూల: 38వ రోజు 5 సెం.మీ. మందమున్న మూలలో అద్దం పక్క నల్లని చార. చీపురు పుల్లతో గుచ్చితే రెండు బుడగలు లేచాయి, కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా తగిలింది. గాలి ఆడని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. ఆ మూల ఇసుకను 4 సెం.మీ.కు తగ్గించి, ముందుకు సర్దాను. ఇసుకలో తవ్వుకుంటూ తిరిగే మలేషియన్ ట్రంపెట్ నత్తలు పది, స్నేహితుడి దగ్గరే తెచ్చి వేశాను. 52వ రోజుకు చార పోయింది. ఇప్పుడు వారానికోసారి వెనక వరసంతా పుల్లతో గుచ్చుతాను.

సైఫన్ (అడుగు మురికిని నీళ్ళతోపాటు గొట్టంతో బయటికి లాగడం): మొదటిసారి గొట్టం ఇసుకకు ఆనించి పెట్టాను. బకెట్లో చేరిన ఇసుక ఆరబెట్టి తూస్తే 600 గ్రాములు. ఇప్పుడు 2 సెం.మీ. పైన పట్టుకుని, రెండో చేతి వేలితో ఇసుక మీద గాలిలో తిప్పినట్టు తిప్పుతాను. పెంట లేచి గొట్టంలోకి పోతుంది, ఇసుక దిగిపోతుంది. చివరిసారి తూస్తే 20 గ్రాములు.

మొక్కలు: ఇసుకలో పోషకాలేమీ లేవు. మూడో వారానికి వాలిస్నేరియా ఆకులు పసుపు తిరిగాయి. మిద్దె మీద ఎరువుల బస్తాలున్నా వాటి వైపు వెళ్ళలేదు. అక్వేరియం షాపులో అమ్మే వేరు మాత్రలు రూ. 120కి తెచ్చి, ఒక్కో మొక్కకు సగం మాత్ర వేళ్ళ కింద లోతుగా గుచ్చాను. మరుసటి రోజు అమోనియా చూశాను, 0. మూడు మొక్కలు ఇప్పుడు పదకొండయ్యాయి.

74వ రోజు, డిసెంబరు 24

పీహెచ్ 7.7, కేహెచ్ 7, జీహెచ్ 9, టీడీఎస్ 236, అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10. నీటి వేడి 25 డిగ్రీలు. ఆరు చేపలూ ఉన్నాయి.

మొత్తం: రూ. 6,170, అందులో ఇసుక వంతు 120. షాపులో ప్యాకెట్ ఇసుక కిలో రూ. 60 చెప్పారు, 11 కిలోలకు 660 అయ్యేది. కిట్లు ఎలాగూ కొనాల్సినవే కాబట్టి మిగిలింది 540. దానికి బదులు పెట్టినది 432 లీటర్ల కడుగు నీళ్ళు, ఏడు గంటల పని, ప్లంబరు కూలీ. నీళ్ళు మొత్తం 898 లీటర్లు, పని 33 గంటలు.

మిగిలిన 6 కిలోల ఇసుక మూత ఉన్న బకెట్లో పోసి, ఎరువుల అరకు దూరంగా మెట్ల కింద పెట్టాను. మూత మీద మార్కరుతో "ట్యాంకు ఇసుక, ఎరువు కలపొద్దు" అని అమ్మ రాసింది.